దేవదారు తోపులోకి బాట

బ్లాక్ బ్రూక్, మెయిన్
12 నవంబరు 1994

రొజేర్ బావకు,

ఫోనులో నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం తప్ప మన మధ్య వేరే సంభాషణ జరగడం లేదు. కనుక ఉత్తరం రాస్తున్నాను. నీ కాలి పుండు మానలేదని జనీన్ చెప్పింది. కూతురి మాట విని మందు వేసుకో.

ఈ ఏడు చర్చి నేలమాళిగలో వేటగాళ్ళ ఫలహారం లేదు. వెర్నా తన కొట్లో నన్ను ఆపి, చిక్కుడుగింజల కుండను నిప్పుల్లో పాతి ఉడికించడానికి గొయ్యి ఎంత లోతు తవ్వాలో తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ముప్పై ఏళ్ళు నీ చెల్లెలు లొరెట్ పక్కన నిలబడి పార అందించిన వాణ్ణి. తర్వాత వెర్నా వచ్చేవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏడుగురు. అందులో నలుగురు ఊరివాళ్ళే. "పోనీలెండి మాస్టారూ, ఏడుగురికి కుండ పాతడం ఎందుకు" అంది.

ఒకప్పుడు ఈ నెలలో వేటాడిన జింకల్ని తూకం వేయించడానికి బళ్ళు ఆమె కొట్టు దగ్గర నుంచి వంతెన దాకా నిలబడేవి. ఈసారి రెండు వారాల్లో మూడు జింకలు వచ్చాయి. తూకం కొక్కేనికి వెర్నా "బ్యాటరీలు దొరుకును" అన్న అట్ట తగిలించింది.

అసలు విషయం. మా కొట్టుగది తలుపు వెనక లొరెట్ రాసిన అంకెలు నీకు గుర్తుండే ఉంటాయి. ప్రతి మార్చి ఒకటిన ఇంటి వెనక దేవదారు తోపులోకి వెళ్ళి, చలికాలానికి అక్కడ చేరిన జింకల్ని లెక్కపెట్టి వచ్చి పెన్సిలుతో రాసేది. 1976లో యాభై ఎనిమిది. ఈ మార్చిలో పద్నాలుగు. దాని కింద తలుపు ఖాళీ.

ఆగస్టులో, ఆసుపత్రికి బయలుదేరేముందు, "మార్చి ఒకటిన నువ్వు వెళ్ళాలి. అద్దాలు పెట్టుకుని వెళ్ళు. లేకపోతే మొద్దుల్ని జింకలనుకుంటావు" అంది. సరేనన్నాను. ఆమె పోయేముందు, తెలివిలో ఉండగా మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు అవే.

ఆ పద్నాలుగూ మార్చి దాకా ఉండాలి. ఎలాగో నాకు తెలియదు. నాకు తెలిసింది వర్గ సమీకరణాలు. ఆ తోపు నీకు తెలుసు. చెప్పు.

ఆల్డెన్


లూయిస్టన్
20 నవంబరు 1994

ఏమయ్యా మాస్టారూ,

పుండు కాదు, కాలే పోతోంది. డిసెంబరులో మోకాలి కింద దాకా తీసేస్తారట. ఒక బూటు మిగిలిపోతుంది. మనిద్దరి కొలతా ఒకటే కదా, నీకు పంపిస్తాలే. కుడికాలిది. రెండు కుడి బూట్లు వేసుకుని నడువు, నీ నడకకి పెద్ద తేడా రాదు.

ఇక్కడ మూడో అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఇంకొకళ్ళ కిటికీ. ఆ ఇంటావిడ నన్ను చూసి తెర వేసేసింది. అరవై తొమ్మిదేళ్ళ కుంటివాడు ఏం చేస్తాడని భయమో!

నువ్వడిగింది చాలా తేలిక లెక్క. జింకలు ఉండాలంటే కయోటీలు పోవాలి. మా నాన్న బతికుండగా మన అడవుల్లో కయోటీ అన్న పేరే లేదు. పడమటి నుంచి ఒక్కోటీ నడుచుకుంటూ వచ్చాయి. తోడేలుకి తమ్ముడు, నక్కకి అన్న. ఇద్దరి బుద్ధులూ ఉన్నాయి వెధవలకి. వానలకి పుట్టగొడుగులు లేచినట్టు లేచాయి.

కాబట్టి విను. మంచు రెండడుగులు పడగానే మీ వంటింటి మెట్టు దగ్గర నుంచి తోపులో వంగిపోయిన దేవదారు ఉంది చూడు, అక్కడి దాకా ఒకే బాట తొక్కు. దిగబడకుండా వెడల్పాటి మంచు చెప్పులు వేసుకుని రోజూ అవే అడుగుల్లో వెళ్ళు, అవే అడుగుల్లో రా. వారానికి రాయిలా గట్టిపడుతుంది. తర్వాత ఆ బాట మీద ఉచ్చులు కట్టు. మీ షెడ్డులో మేకుకి పన్నెండు ఉన్నాయి. తీగ కింది అంచు నేలకి పిడికిలి మీద పిడికిలి ఎత్తులో ఉండాలి. చెట్టుకి గట్టిగా కట్టు. అనుమతి కాగితం నీ పేరున తెప్పించాను, ఇందులోనే ఉంది.

ఎందుకు, ఏమిటి అని అడక్కు. మాస్టార్లకి "ఎందుకు" అన్నది పెద్ద జబ్బు. చెప్పింది చెయ్యి.

నీ బావ, ఇంకా రెండు కాళ్ళతోనే,
రొజేర్


బ్లాక్ బ్రూక్
4 డిసెంబరు 1994

రొజేర్ బావకు,

కాలి సంగతి నువ్వు వేళాకోళంగా రాశావు. నేను అలా చదవలేకపోయాను. ఆపరేషను రోజు ఏదో జనీన్‌ను రాయమను.

షెడ్డులో వెతికాను. ఉచ్చులు మేకుకు వేలాడే ఒక పిండిసంచిలో ఉన్నాయి. సంచి మూతి కుట్టేసి ఉంది. కుట్టు లొరెట్‌ది, దగ్గర దగ్గరగా, చివర రెండు ముళ్ళు. నువ్వు వదిలి వెళ్ళిన వాటిని కంటపడకుండా ఆమె కుట్టి ఉంటుందనుకున్నాను. గుడ్డలోంచి చెట్టు బెరడు వాసన వస్తోంది. విప్పలేదు.

1987 ఫిబ్రవరి నీకు గుర్తుందో లేదో. నువ్వు మా తోపులో కట్టిన ఉచ్చులో పడ్డ కయోటీ ఇంకా బతికి ఉండగా లొరెట్‌కు కనపడింది. దాని తల వాచిపోయి గుమ్మడికాయంత అయిందట. తీగ తెంపడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అది చచ్చేదాకా పక్కనే కూర్చుని వచ్చింది. ఇంటికి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంది. "మన వైపు ఆ తీగ రానివ్వకు ఆల్డెన్" అంది. ఆ తర్వాత ఏడాది పాటు మీ అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు.

ఇప్పుడు నువ్వు నన్ను చేయమంటున్నది ఏమిటో నీకు గుర్తుచేయడానికే ఇది రాస్తున్నాను.

బాట తొక్కుతాను.

ఆల్డెన్


లూయిస్టన్
11 డిసెంబరు 1994

మాస్టారూ,

ఎందుకు గుర్తుండదు? ఏడాది మాట్లాడలేదు. కానీ క్రిస్మస్‌కి మాంసం రొట్టె మాత్రం పంపింది. పైన ఒక ముక్క కాగితం కూడా లేదు. అంత కోపంలో కూడా మిరియాలు సరిగ్గా వేసింది రాక్షసి.

ఇదిగో, లొరెట్ మనసు ఒక్క నీకే తెలుసనుకోకు. దానికి నువ్వు మొగుడివి కాకముందు ఇరవై రెండేళ్ళు నేను అన్నని. ఉచ్చులు కట్టు. ఇంతకు మించి నేను చెప్పకూడదు, నువ్వు అడక్కూడదు. కట్టు, అంతే.

ఎల్లుండి కోస్తారు. ఇక్కడి డాక్టరు పిల్లవాడిలా ఉన్నాడు. "ఏ కాలో గుర్తుందా బాబూ?" అని అడిగా. నవ్వలేదు.

రొజేర్


బ్లాక్ బ్రూక్
2 జనవరి 1995

రొజేర్ బావకు,

ఆపరేషను బాగా జరిగిందని జనీన్ రాసింది. లేని కాలు దురద పెడుతోందని ఆమెను సతాయిస్తున్నావట. పెట్టనీ.

బాట పూర్తయింది. మెట్టు దగ్గర నుంచి వంగిన దేవదారు దాకా తొమ్మిది వందల పన్నెండు అడుగులు. రూళ్ళకర్రతో గీసినట్టు ఉంది. నా మంచు చెప్పుల అల్లిక తెగిపోయింది. లొరెట్‌వి వేసుకుంటున్నాను. చిన్నవి, నా బరువుకు బాగా దిగబడతాయి. అందుకని బాట త్వరగా గట్టిపడింది.

రోజూ ఉదయం దేవదారు కొమ్మలు కొట్టి, మంచు మీద జారే చిన్న చెక్కబండి మీద వేసుకుని లాక్కెళ్ళి, జింకలకు మేతగా లోపల పరుస్తున్నాను. మెత్తటి మంచులో ఇది నాకు సాధ్యమయ్యేది కాదు. బాట ఎందుకు తొక్కమన్నావో ఇప్పుడు అర్థమైంది.

నిన్న పదకొండింటిని చూశాను. మిగతా మూడూ లోపల పడుకుని ఉంటాయి. చెవి చిరిగిన ఆడ జింక ఒకటి ఉంది. లొరెట్ దాన్ని పోస్టమ్మ అనేది. రోజూ ఒకే వేళకు వస్తుందని. ఇప్పుడూ అలాగే వస్తోంది. నన్ను చూసి పారిపోవడం మానేసింది. కాసేపు నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తుంది. తర్వాత తింటుంది.

నువ్వు చెప్పినట్టు చేస్తున్నాను.

ఆల్డెన్


లూయిస్టన్
10 జనవరి 1995

మాస్టారూ,

శభాష్! నలభై ఏళ్ళలో నా మాట నువ్వు వినడం ఇదే మొదలు. దీనికి నేను కాలు ఇచ్చుకోవలసి వచ్చింది.

కానీ ఎన్ని పడ్డాయో రాయలేదేం? ఉత్తరం నిండా జింకల కబుర్లే. కొమ్మలు వేస్తున్నావా? మంచిదే. పోస్టమ్మ పొట్ట చూశావా, మోస్తోందా?

ఇప్పుడు బాటని ఇంకా లోపలికి పొడిగించు. జింకలు పడుకునే గుంటల దాకా తొక్కు. అటు పక్క వాగు మీదకి కూడా కలుపు. ఉచ్చుల్లో సగం వాగు వైపు కట్టు. వెధవలు వాగు మీద గడ్డకట్టిన మంచు పట్టుకునే వస్తాయి.

ఇక్కడ నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నడవలో తిప్పుతున్నారు. అటు పోతే గోడ, ఇటు పోతే గోడ. ఒక రోజు నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని తిరిగా. తోపులో తిరిగినట్టే ఉంది. ఇంకొంచెం పెద్దవి రాయి. కాగితానికి కరువొచ్చిందా ఏం?

ఒంటికాలి రొజేర్


బ్లాక్ బ్రూక్
19 జనవరి 1995

రొజేర్ బావకు,

ఇంతవరకు ఏవీ పడలేదు.

బాటను గుంటల దాకా, అక్కడి నుంచి వాగు దాకా పొడిగించాను. నాలుగు రోజులు పట్టింది. కొమ్మలు ఇప్పుడు వాటి పక్కదాకా చేరుతున్నాయి. పదమూడింటిని ఒకేసారి చూశాను. పోస్టమ్మ కడుపుతోనే ఉంది.

పెద్ద ఉత్తరం రాయమన్నావు. రాయడానికి ప్రయత్నిస్తాను. పక్క పొలం క్లేటన్ గొర్రెల్ని అమ్మేశాడు. కయోటీలు దొడ్డి కంచె కింద తవ్వుకుని వచ్చి డిసెంబరులో ఆరింటిని చంపాయి. "గొర్రెలు పోతే పోయాయి మాస్టారూ, పొద్దున లేచి ఎక్కడికెళ్ళాలో తెలియట్లేదు" అన్నాడు. ఇప్పుడు రోజూ వెర్నా కొట్లో పొయ్యి దగ్గర కూర్చుంటున్నాడు. వాగు అవతలి వేట బసను మూసేశారు. అందులో వంట చేసే ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. పాఠశాల బస్సు మా రోడ్డు మీదకు రావడం మానేసింది. రావలసిన పిల్లలు లేరు.

సాయంత్రం నాలుగింటికి కయోటీలు అరుస్తున్నాయి. మూడో నాలుగో ఉంటాయి, ఇరవై ఉన్నట్టు వినిపిస్తాయి. లొరెట్ ఉండగా ఆ వేళకు రేడియో పెట్టేది. నేనూ పెడుతున్నాను.

బాట మీద కుక్క అడుగుల్లాంటివి కనపడుతున్నాయి. గొర్రెలు పోయాక క్లేటన్ కుక్కకు కూడా పని లేదు. అది నా వెంట వస్తున్నట్టుంది.

ఆల్డెన్


లూయిస్టన్
28 జనవరి 1995

బావా,

కుక్క అడుగులా? కుక్క తాగినవాడిలా అడ్డదిడ్డంగా నడుస్తుంది. అడుగులు ఒకదాని ముందొకటి, దారం పరిచినట్టు ఒకే గీతలో ఉన్నాయేమో చూడు. అలా ఉంటే అది క్లేటన్ కుక్క కాదు.

మరి ఉచ్చులు దాటుకుని ఎలా వెళ్తున్నాయి? ఎత్తు ఎంత పెట్టావు? పిడికిలి మీద పిడికిలి అన్నా కదా? మంచు పడ్డప్పుడల్లా మళ్ళీ పైకి జరుపుతున్నావా? పన్నెండూ కట్టావా? లెక్కల మాస్టారివి, అంకె రాయి నాకు. ముప్పై ఏళ్ళు ఉచ్చు కట్టినవాణ్ణి, గట్టి బాట మీద నెల రోజుల్లో ఒక్కటీ పడకపోవడం ఎప్పుడూ చూళ్ళేదు.

రెండు రోజుల్నుంచి జ్వరం. కుట్ల దగ్గర చీము పట్టిందట. ఇంకాస్త పైకి కొయ్యాలేమో అంటున్నారు. కోసుకోనీ. నాకు ఆ అంకె పంపు.

రొజేర్


బ్లాక్ బ్రూక్
6 ఫిబ్రవరి 1995

రొజేర్ బావకు,

జ్వరం తగ్గిందని అనుకుంటున్నాను. నువ్వు తోపు గురించి దిగులు పెట్టుకోకు. అన్నీ సరిగానే ఉన్నాయి. ఎత్తు నువ్వు చెప్పినంతే. మంచు పడ్డాక మళ్ళీ చూసుకుంటాను.

మంచు నాలుగున్నర అడుగులు ఉంది. ఈ వారం తొమ్మిదింటినే చూశాను. చలికి లోపలే ఉండిపోయి ఉంటాయి. కొమ్మలు రెట్టింపు చేశాను. రోజుకు నాలుగుసార్లు తిరుగుతున్నాను.

నిన్న వెర్నా, "మాస్టారూ, ఆ అడవిలో రోజంతా ఏం చేస్తున్నారు? లొరెట్ ఉన్నప్పుడు కూడా ఇంతసేపు ఇంటి బయట లేరు" అంది. నిజమే.

మందులు వేసుకో.

ఆల్డెన్


లూయిస్టన్
13 ఫిబ్రవరి 1995

బావా,

జ్వరం తగ్గింది. మంచం మీద పడుకుని రాసేది, అక్షరాలు చూసి నవ్వకు.

మీ వైపు వాన పడి, ఆ తడంతా గడ్డకట్టిందని జనీన్ వార్తల్లో విని కాగితం మీద రాసి చూపించింది. అందుకే గబగబా రాస్తున్నా. మంచు మీద పెచ్చు కట్టిందంటే చాలా ప్రమాదం. కయోటీ ఆ పెచ్చు మీద పరిగెత్తుతుంది. జింక గిట్ట దాన్ని చీల్చుకుని పొట్టదాకా కూరుకుపోతుంది. ఉచ్చులు రోజుకి రెండుసార్లు చూడు.

నీకు ఓపిక లేక ఉచ్చులు తీసేద్దామనుకుంటే, ముందు ఆ బాటని పారతో తవ్వి చెడగొట్టు. ఆ తర్వాతే తీగ ఊడదియ్యి. కయోటీ మహా బద్ధకస్తురాలు. మెత్తటి మంచులో ఈదుకుంటూ తోపులోకి రాదు. గట్టి బాట కనపడితే ఎంత దూరమైనా దాని మీదే నడిచి వస్తుంది. అందుకే కదా బాట తొక్కి, దాని మీద ఉచ్చు కట్టేది. ఉచ్చు లేని బాటంటే వాటికి మనమే రోడ్డు వేసి, జింకలు పడుకునే గుంటల దాకా తీసుకెళ్ళి దింపినట్టు.

ఇదంతా నీకు చెప్పక్కర్లేదనుకో. మన ఊళ్ళో ఎవరికి తెలియదు?

రొజేర్


బ్లాక్ బ్రూక్
18 ఫిబ్రవరి 1995

రొజేర్ బావకు,

నీ ఉత్తరం నిన్న వచ్చింది.

మొన్న ఉదయం ఏడింటికి కొమ్మలు తీసుకుని వెళ్ళాను. బాట మీద వెంట్రుకలు ఉన్నాయి. వంగిన దేవదారు దగ్గర మొదటి జింక కళేబరం. గుంటల దగ్గర నాలుగు. బాట అంచుల్లో మూడు, పారిపోదామని పక్కకు దూకి పెచ్చులో కూరుకుపోయినవి. చాలావరకు తినలేదు. ఒకటి ఇంకా తల ఎత్తుతోంది. ఇంటికి వచ్చి తుపాకీ తీసుకుని మళ్ళీ వెళ్ళాను.

పోస్టమ్మ వాగు దగ్గర ఉంది. కడుపులో రెండు పిల్లలు.

బాట మీద అడుగులు దారం పరిచినట్టు ఒకే గీతలో ఉన్నాయి. ఇంతకు ముందూ అలాగే ఉన్నాయి. చూశాను. క్లేటన్ కుక్క అనుకోవడం తేలికగా ఉంది.

ఉచ్చులు కట్టలేదు. ఒక్కటి కూడా. సంచి విప్పనే లేదు. నువ్వు అంకె అడిగావు. సున్నా. నీకు జ్వరంగా ఉందని అబద్ధం రాశాను. లొరెట్ వద్దన్న పని చేయలేకపోయాను. బాట మాత్రం నువ్వు చెప్పినట్టే, నువ్వు చెప్పినంత దూరమూ తొక్కాను.

ఆల్డెన్


లూయిస్టన్
24 ఫిబ్రవరి 1995

ఆల్డెన్,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేవబోయాను. కాలు లేదన్న సంగతి మరిచిపోయా. పడ్డాను. జనీన్ పక్కింటాయన్ని పిలిచి ఎత్తించింది.

బూతులు ఒక పేజీ రాసి చించేశాను. ఇది రెండో కాగితం.

తప్పు నాది కూడా. "ఎందుకు అని అడక్కు" అన్నాను. పెద్ద హాస్యం ఆడాననుకున్నాను. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే చిన్నపిల్లాడికైనా అర్థమయ్యేది.

ఇంకోటి కూడా చెప్పలేదు. చెప్పనని ఒకరికి మాటిచ్చాను కాబట్టి. ఇప్పుడు ఆ మాట ఎవరికోసం నిలబెట్టుకోవాలి? కిందటేడు ఏప్రిల్లో లొరెట్ నాకు రాసిన ఉత్తరం ఇందులో పెడుతున్నా. చదువు. చదివాక నన్ను తిట్టు.

రొజేర్


(ఇదే కవరులో)

బ్లాక్ బ్రూక్
9 ఏప్రిల్ 1994

అన్నయ్యా,

పద్నాలుగే. రెండుసార్లు తిరిగి లెక్కపెట్టాను.

నాకు ఉచ్చులు కావాలి. డజను పంపు. వచ్చే చలికాలం నేనే కడతాను. ఆ వాచిన మొహం ఇప్పటికీ నాకు కనపడుతుంది. అయినా కడతాను. నువ్వు గెలిచావని ఎగరకు, ఇందులో గెలిచినవాళ్ళు ఎవరూ లేరు. వాసన పోవడానికి బెరడు వేసి ఉడకబెట్టాలని అన్నావు కదా, ఎంతసేపో రాయి.

ఆల్డెన్‌కి చెప్పకు. ఆ రోజు నేనన్న మాట అతను ఊరంతా చెప్పుకుంటాడు. "మా ఆవిడ మా వైపు తీగ రానివ్వదు" అని వెర్నా కొట్లో అంటుంటే విన్నాను. నా గురించి అతను గొప్పగా చెప్పుకునేది అదొక్కటే. చేతులారా పోగొట్టాలని లేదు. మంచు పడ్డాక నేనే చెబుతాలే. అప్పుడు ఎలాగూ నా వెంట బాట తొక్కడానికి రావాలి.

నీ కాలు ఎవరికైనా చూపించు మొండివాడా.

లొరెట్


బ్లాక్ బ్రూక్
2 మార్చి 1995

రొజేర్ బావకు,

ఉత్తరం చేరింది. తిట్టడానికి ఏమీ లేదు.

సంచి విప్పాను. పన్నెండూ నల్లగా ఉడికి ఉన్నాయి. సంచి అడుగున ఒక కాగితం ముక్క ఉంది, అందులో ఆమె చేతిరాత, "గంటన్నర" అని. కుట్టు ఆమెదని డిసెంబరులోనే గుర్తుపట్టాను. ఎందుకు కుట్టిందో మాత్రం తప్పుగా అనుకున్నాను.

వెర్నా కొట్లో ఆ మాట అన్నది నిజమే. చాలాసార్లు అన్నాను.

నిన్న మార్చి ఒకటి. అద్దాలు పెట్టుకుని వెళ్ళాను. తోపు ఈ చివర నుంచి ఆ చివర దాకా, గుంటలన్నీ, వాగు రెండు గట్లూ చూశాను. దూరం నుంచి జింకల్లా కనిపించినవి పదిహేడు. ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి చూశాను. మొద్దులే.

ఆల్డెన్


లూయిస్టన్
15 మార్చి 1995

బావా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రోజూ తీసి చదువుతున్నా. 

ఇంకోసారి కోశారు. మోకాలు కూడా పోయింది. ఇప్పుడు ఆ బూటే కాదు, పంట్లాం కాలు కూడా నీకే పంపించొచ్చు. నవ్వు రాలేదా? నాకూ రాలేదు.

ఆ ఇల్లు వదిలేసి వచ్చెయ్యి. ఈ వీధిలోనే ఒక గది ఖాళీగా ఉందట, జనీన్ చూసింది. కిటికీకి ఎదురుగా గోడే, కానీ గోడలో మొద్దులుండవు. నాతో పేకాడు, దొంగాట ఆడతావని తిడతా. ఇంకేం చెయ్యగలం ఇద్దరం?

ఒకటి చెప్పు. తలుపు మీద ఏం రాశావు?

రొజేర్


బ్లాక్ బ్రూక్
29 ఏప్రిల్ 1995

రొజేర్ బావకు,

ఆలస్యానికి మన్నించు. ఈ మధ్య కలం పట్టాలంటే బద్ధకంగా ఉంది.

గది చూసినందుకు జనీన్‌కు కృతజ్ఞతలు చెప్పు. రాను. ఇక్కడ ఉండి చేసేదేమీ లేదు. అక్కడికి వచ్చి చేసేదీ లేదు.

క్లేటన్ ఇంటికి అమ్మకం బోర్డు తగిలించాడు. చూడటానికి ఎవరూ రాలేదు. తూకం కొక్కేన్ని వెర్నా ఊడదీయించింది. వచ్చే నవంబరు సంగతేమిటని అడిగాను. "ఏ నవంబరు మాస్టారూ?" అంది.

తలుపు మీద రాశాను, మార్చి ఒకటి సాయంత్రమే. ఆమె పెన్సిలుతోనే, పద్నాలుగు కింద సున్నా. ఆ రోజు ఉత్తరంలో నీకు చెప్పలేకపోయాను. పెన్సిలు మొన అరిగి ఉంది. చెక్కలేదు.

మంచు కరిగిపోయింది. పొలం, కంచె వార, తోపు అంచు అంతా గోధుమరంగు. బాట ఒక్కటే కరగలేదు. తొక్కి గట్టిపడ్డ మంచు చివర పోతుందట, క్లేటన్ చెప్పాడు. వంటింటి కిటికీలోంచి చూస్తే మెట్టు దగ్గర నుంచి దేవదారుల దాకా తెల్లటి గీత ఉంది. లొరెట్ కుర్చీలో కూర్చుంటే మరీ తిన్నగా కనిపిస్తుంది. పారతో తవ్వి పారేద్దామని రెండుసార్లు బయటికి వెళ్ళాను. ఇప్పుడెందుకు అనిపించి వచ్చేశాను.

ఈ ఉదయం దాని మీద అడుగులు ఉన్నాయి. ఒకే గీతలో, దారం పరిచినట్టు. తోపులోకి వెళ్ళడం లేదు. అక్కడ వాటికి ఏమీ మిగలలేదు. ఇటు, మెట్టు వైపు వస్తున్నాయి.

ఆల్డెన్